చీర వద్దు సార్, కూలి ఇయ్యండి

(కర్నూలులో ఒక కతోలిక విచారణ, అంటే ఒక గుడి కిందకొచ్చే విశ్వాసుల సంఘం, దాని హాలులో మే 1 సాయంత్రం, శ్రామికుడైన పునీత జోజప్పగారి, అంటే సెయింట్ జోసెఫ్‌గారి పండుగ నాడు, రిటైరైన హైస్కూల్ టీచర్ ఒకరు మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని రాసినవి. చివర్లో అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

ఫాదర్‌గారికి, సిస్టర్లకి, అన్నలకి, అక్కలకి, వెనక నిలబడిన తమ్ముళ్లకి నమస్కారం. లోపలికి రండి, కుర్చీలున్నాయి.

నన్ను శ్రీసభ, అంటే కతోలిక చర్చి, దాని సామాజిక బోధన గురించి మాట్లాడమన్నారు. పేరు పెద్దగా ఉంది గానీ అందులో చాలా భాగం కూలి గురించి, కూలి ఇచ్చేవాళ్ల గురించి, కూలి ఆపి దానాలు చేసేవాళ్ల గురించి. నేనూ ఒకసారి అలా కూలి ఆపి దానం చేసినవాణ్ణే. అందుకని పుస్తకాల్లోకి పోకముందు మా ఇంటి మెట్ల పక్కనున్న గోడ గురించి చెప్తాను.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి మన ఊరి మీద పడ్డాయి కదా, ఇక్కడున్న పెద్దవాళ్లెవరూ ఆ రోజు మర్చిపోయుండరు. మా ఇల్లు మునిగింది. మళ్లీ అట్లాంటిది వస్తే ఎక్కి కూర్చోవడానికి పైన ఒక గది ఉండాలని మరుసటి ఏడాది మేడ మీద గది మొదలుపెట్టాం. ఒక మేస్త్రీ, ఇద్దరు బేల్దార్లు, ఇసుక జల్లెడ పట్టడానికి ఒక మగమనిషి, ఇసుక సిమెంటు మోయడానికి ముగ్గురు ఆడవాళ్లు. ఆ ముగ్గురిదీ కోసిగి వైపు. వాళ్లలో ఒకామె తన పిల్లోణ్ణి కింద వేపచెట్టుకు పాత చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, తట్ట ఎత్తుకుని మెట్లెక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి ఆ ఉయ్యాల వైపు చూసేది. సాయంత్రం పని అయిపోయాక, చేతులు కడుక్కోకముందే, టీ కాచుకున్న పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి మెట్ల పక్కన ఇంకా పూత పూయని ఇటుక గోడ మీద ఒక గీత గీసేది. అది ఆమె ఆ రోజు పనికి లెక్క. శనివారం కూలి చేతికొచ్చాక తడిగుడ్డతో ఆ గీతలు తుడిచేసేది. చదువుకోలేదు, కానీ ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు.

డిసెంబరులో మేస్త్రీ మీద నాకు కోపమొచ్చింది. పిట్టగోడ వంకరగా కట్టాడు. సరిచేసేదాకా ఈ వారం డబ్బులు ఇచ్చేది లేదన్నాను. అతను పోయి కూలోళ్లకు "సార్ ఇయ్యలేదు" అని చెప్పాడు. అది నిజమే. గోడ మీద ఐదు గీతలు అలాగే ఉండిపోయాయి. నేను రోజూ ఆ మెట్లెక్కి పైకి పోయేవాణ్ణి, ఆ గీతలు చూసేవాణ్ణి, వాటి గురించి నాకేమీ అనిపించలేదు. పోట్లాట నాకూ మేస్త్రీకీ కదా అనుకున్నాను.

ఆ తర్వాత వారమే క్రిస్మస్. మా ఇంట్లో ఏటా పేదలకు పది చీరలు పెట్టే అలవాటు ఉంది, మా అమ్మ నాటి నుంచి. ఆ జాబితాలో ఈమె పేరు కూడా రాయించాను, పనిచేస్తున్న మనిషి కదా, సంతోషపడుతుందని. చీర తీసుకోవడానికి రమ్మంటే వచ్చింది, గేటు దగ్గరే నిలబడింది. నా భార్య చీర చాపితే చేతులు ముందుకు పెట్టలేదు. "చీర వద్దు సార్, నా ఐదు దినాల కూలి ఇయ్యండి. కూలి ఇచ్చినాక చీర ఇయ్యండి, తీసుకుంటా" అంది. గట్టిగా అనలేదు, ఏడవలేదు. నేను లోపలికి పోయి డబ్బులు తెచ్చి ఇచ్చాను. ఆమె అక్కడే లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుని, అప్పుడు చీర తీసుకుని, "దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల" అని పోయింది.

ఇప్పుడు పుస్తకం తెరుస్తాను.

1962 నుంచి 1965 దాకా రోములో రెండో వాటికన్ మహాసభ జరిగింది. ఆ సభ చివరి ఏడాదిలో, మనలాంటి గృహస్థ విశ్వాసులు లోకంలో ఏ సేవ చేయాలో చెప్పే పత్రం ఒకటి వచ్చింది. అందులో ఎనిమిదో పేరాలో ఉన్న మాట నా మాటల్లో చెప్తాను: ముందు న్యాయం అడిగేది తీర్చండి, న్యాయంగా చెల్లించాల్సినదాన్ని ప్రేమ కానుకలాగా ఇవ్వకండి. ఆ వెంటనే ఇంకో రెండు మాటలున్నాయి. కష్టం వల్ల వచ్చే బాధకే కాదు, ఆ కష్టం పుట్టే కారణానికి కూడా మందు వేయండి అని ఒకటి. సాయం పొందే మనిషి ఎప్పటికీ మీ గుమ్మం దగ్గరే నిలబడే అవసరం లేకుండా, మెల్లగా తన కాళ్ల మీద తాను నిలబడేలా సాయం చేయండి అని ఇంకొకటి. ఇది నేను పదేళ్ల వయసు నుంచి పూజకు పోతున్నా నాకెవరూ చదివి వినిపించలేదు. నేనూ ఎవరికీ వినిపించలేదు. కోసిగి కూలామె గేటు దగ్గర చెప్పాక ఎప్పుడో ఈ పేరా నా కంటపడింది, చదువుతుంటే ఆమె గొంతే వినపడింది.

2009లో, మన వరద రావడానికి మూడు నెలల ముందు, బెనెడిక్ట్ XVI పోపుగారు ఒక విశ్వలేఖ రాశారు. విశ్వలేఖ అంటే పోపుగారు శ్రీసభ అంతటికీ రాసే పెద్ద ఉత్తరం. "సత్యంలో ప్రేమ" అని దాని పేరుకు అర్థం. ప్రేమ అంటే నాది తీసి నీకివ్వడం, న్యాయం అంటే నీది నీకివ్వడం అని ఆయన విడదీసి చెప్పారు. నీది నీకు ఇవ్వకుండా నాది నీకు ఇవ్వలేను అన్నారు. ప్రేమ న్యాయం కంటే ముందుకు పోతుంది గానీ న్యాయాన్ని వదిలేసి పోదు. ఆ చీర నాది, ఆ ఐదు రోజుల కూలి ఆమెది. అంతే కదా! మూడో క్లాసు పిల్లలకు అర్థమయ్యే లెక్క, ఎమ్మెస్సీ చదివిన నాకు అర్థం కాలేదు.

కూలి ఆపడం చిన్న విషయం అని మనకు ఎందుకనిపిస్తుందో నాకు తెలియదు, బైబిలు మాత్రం దాన్ని చిన్నదిగా చూడలేదు. లేవీయకాండం 19వ అధ్యాయంలో కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. వారం అనలేదు, బిల్లు పాసయ్యేదాకా అనలేదు, తెల్లవారేదాకా. యాకోబుగారి లేఖ 5వ అధ్యాయంలో, మీ పొలాలు కోసినవాళ్లకు మీరు ఎగ్గొట్టిన కూలి కేకలు పెడుతోంది, ఆ కేకలు దేవుని చెవిన పడ్డాయి అని ఉంది. అక్కడ అరిచేది కూలివాడు కూడా కాదు, మన బీరువాలో ఉన్న ఆ డబ్బు. అదే లేవీయకాండంలో, కూలి మాటకు కొంచెం ముందు, చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయకండి, పరిగె ఏరకండి, పేదవాళ్లకు, పరదేశులకు వదిలేయండి అని ఉంది. మన వైపు వేరుశనగ పీకిన చేన్లో మట్టి గెలుకుతూ మిగిలిన కాయలు ఏరుకునే ఆడవాళ్లను, పిల్లలను చూసే ఉంటారు. వాళ్లను తిట్టి తరిమే రైతులనూ చూసే ఉంటారు. పాత నిబంధన ప్రకారం ఆ కాయలు రైతు పెట్టే భిక్ష కాదు, ఏరుకునేవాళ్ల భాగం.

ఇప్పుడు మన సీమ చరిత్రలోకి ఒకసారి పోదాం, ఎందుకంటే ఈ బోధన మొదలైన కాలం, మన కరువు కాలం దగ్గర దగ్గరగా ఉన్నాయి.

1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం, అందుకే మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మనుషులు రోడ్ల మీద పడి చచ్చిపోతుంటే సర్కారు కరువు పనులు పెట్టింది, రాళ్లు కొట్టడం, మట్టి మోయడం. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి మద్రాసు రాష్ట్రానికి వచ్చాడు. ఖర్చు ఎక్కువవుతోందని రోజు కూలిని ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లరకు తగ్గించాడు. పౌను అంటే అర కిలో కంటే తక్కువ. ఎండలో పొద్దంతా రాళ్లు కొట్టే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు, ఈ తిండితో పనిచేస్తే మనుషులు బతకరని రిపోర్టులు రాశాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు, అప్పటికి పోయినవాళ్లు పోయారు. టెంపుల్ వాదన ఏమిటంటే, ఆ కూలికి జనం వస్తున్నారు కదా, వస్తున్నారంటే సరిపోతున్నట్టే కదా అని. ఈ వాదనను గుర్తుపెట్టుకోండి, ఇది ఇప్పటికీ మన చుట్టూ బతికే ఉంది.

ఆ తర్వాత పద్నాలుగేళ్లకు, 1891 మే 15న, లియో XIII పోపుగారు "రేరుమ్ నోవారుమ్" అనే విశ్వలేఖ విడుదల చేశారు. ఆయన కళ్ల ముందున్నవి యూరప్ ఫ్యాక్టరీలు, గనులు, అక్కడ పద్నాలుగు గంటలు పనిచేసే పిల్లలు, ఆడవాళ్లు. మన కరువు గురించి ఆయన రాయలేదు. కానీ టెంపుల్ వాదనకు సరిగ్గా జవాబు ఆ ఉత్తరంలో ఉంది. యజమాని ఇంత అన్నాడు, పనివాడు సరే అన్నాడు, ఇక న్యాయం జరిగిపోయినట్టే అని చాలామంది అంటారు, అది చాలదు అన్నారు లియోగారు. మనిషికీ మనిషికీ మధ్య జరిగే ఏ బేరం కంటే పాతది, దానికంటే బలమైనది ఒక సహజ న్యాయం ఉంది, పనిచేసే మనిషి పొదుపుగా బతికితే బతకడానికి సరిపడా కూలి ఉండాలి. గతిలేక, ఇంతకంటే ఘోరం వస్తుందన్న భయంతో తక్కువ కూలికి ఒప్పుకున్నాడంటే అతను బలవంతానికీ అన్యాయానికీ గురైనట్టే.

అదే ఉత్తరంలో ఆయన సొంత ఆస్తి హక్కును సమర్థించారు, సోషలిజాన్ని కాదన్నారు, కార్మికులు సంఘాలు పెట్టుకోవచ్చన్నారు. వాటి మీద వాదనలు వేరే రోజు పెట్టుకుందాం. నాకు కావాల్సింది ఆ ఒక్క మాట: "ఒప్పుకున్నాడు కదా" అనేది జవాబు కాదు.

నేను ఆదోని డివిజన్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ సంక్రాంతి దాటాక "సుగ్గికి పోయినారు" అనే మాట వినపడుతుంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతాయి. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. నా ఎనిమిదో క్లాసు హాజరు పట్టీలో జనవరి నెల పేజీ చూస్తే ఎర్ర ఇంకుతో ఆబ్సెంటు గుర్తులు ఒకే వరుసలో కిందికి దిగుతూ ఉండేవి, చీమల బారులాగా. మార్చి చివర్లో కొంతమంది తిరిగొచ్చేవాళ్లు. ఒక పిల్ల పెన్ను పట్టుకోలేకపోతే ఏమ్మా అని చెయ్యి తీసి చూశాను, మిరపకాయ ఘాటుకు వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని "ఏం కాదు సార్, మా అమ్మకు ఇంకా ఎక్కువ" అంది.

వీళ్లంతా ఒప్పుకునే పోతున్నారు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సు అప్పటికే ఉన్న అప్పుకో, పెళ్లికో, బోరుకో పోతుంది, అది తీరేదాకా పని. సీజనల్ హాస్టళ్లు పెట్టారు, మంచిదే, కొంతమంది పిల్లలు ఆగారు. కానీ ఎందుకు పోతున్నారు అన్న ప్రశ్నకు హాస్టల్ జవాబు కాదు. మహాసభ చెప్పిన రెండో మాట అదే, కారణం దగ్గరికి పొమ్మంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఇంతసేపూ న్యాయం న్యాయం అంటుంటే, మరి ప్రేమ అక్కర్లేదా అని మీకనిపించొచ్చు. వరద రోజులు గుర్తు చేసుకోండి. నీళ్లు తగ్గిన మరునాడు మా వీధిలో మోకాలి లోతు బురద, చచ్చిన బర్రెలు, తడిసి ఉబ్బిన బియ్యం మూటల వాసన. ఆ పూట మాకు మొదటి అన్నం పొట్లం తెచ్చింది ఒక ముస్లిం కుర్రాడు. అతనెవరో ఇప్పటికీ తెలియదు. మూడు పొట్లాలిచ్చి, ఇంట్లో పసిపిల్లలున్నారా అని అడిగి, ఉన్నారంటే జేబులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసిచ్చి పోయాడు. అతను నాకేమీ బాకీ లేడు. ఏ చట్టం ప్రకారం ఆ బిస్కెట్ ప్యాకెట్ నాకు రావాలి? బెనెడిక్ట్ పోపుగారు 2005లో తన మొదటి విశ్వలేఖలో ఈ మాటే రాశారు, రాజ్యం ఎంత న్యాయంగా నడిచినా ప్రేమతో చేసే సేవ అవసరం లేని రోజు రాదని. కష్టం ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది, పక్కన ఒక మనిషి కావాల్సి ఉంటుంది. అదే పేరాలో ఆయన పునీత అగస్తీనుగారి మాట కూడా గుర్తుచేశారు, న్యాయం లేని రాజ్యం దొంగల ముఠాతో సమానమని. రెండు మాటలూ పక్కపక్కనే పెట్టారు.

ఫ్రాన్సిస్ పోపుగారు 2020లో "ఫ్రత్తెల్లి తుత్తి" అనే విశ్వలేఖలో ఒక పోలిక ఇచ్చారు. ఒక ముసలాయన్ను చెయ్యి పట్టుకుని ఏరు దాటించడం ప్రేమ. ఆ ఏటి మీద వంతెన కట్టే నాయకుడు చేసేదీ ప్రేమే, తాను ఎవరిని దాటిస్తున్నాడో అతనికి తెలియకపోయినా. నాకిది చాలా నచ్చింది, మన ఊరివాళ్లకు ఏరంటే ఏమిటో, వంతెనంటే ఏమిటో తెలుసు కాబట్టి. మనం మొదటిదాన్ని పుణ్యం అంటాం, రెండోదాన్ని రాజకీయం అని దూరం జరుగుతాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీని మొదలుపెట్టారు, ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. ధాత కరువులో మన ముత్తాతలు రాళ్లు కొట్టినప్పుడు ఆ పని సర్కారు దయ, దొర తగ్గిస్తే తగ్గాలి. బండ్లపల్లిలో అదే మట్టిపని హక్కుగా వచ్చింది, పని అడగొచ్చు, పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టంలో రాశారు. మధ్యలో నూట ముప్పై ఏళ్లు. ఆ చట్టం అమలులో ఎన్ని లోపాలు చూశామో మీరే నాకు చెప్పగలరు, మస్టర్లలో దొంగ పేర్లు, నెలల తరబడి రాని కూలి. అయినా దయ నుంచి హక్కుకు రావడం చిన్న దూరం కాదు.

అనంతపురం అన్నాం కాబట్టి ఫాదర్ ఫెర్రర్ గురించి చెప్పాలి. విన్సెంట్ ఫెర్రర్, స్పెయిన్ దేశస్థుడు, జెస్విట్ అనే కతోలిక సన్యాసుల సభలో ఉండేవారు. మహారాష్ట్ర మన్మాడ్‌లో బావులు తవ్వుకునే పేద రైతుల పక్కన నిలబడితే అక్కడి పెద్దలకు నచ్చలేదు, 1968లో దేశం వదిలి పోవాల్సి వచ్చింది. తిరిగొచ్చి 1969లో అనంతపురంలో అడుగుపెట్టారు. 1970లో జెస్విట్ సభను వదిలారు, పెళ్లి చేసుకున్నారు, అయినా మన జనం నోట్లో ఆయన చివరిదాకా ఫాదరే. ఆర్‌డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవా సంస్థ పెట్టి ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, చెరువులు, చెక్ డ్యాములు కట్టించారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. ఆయన కట్టించిన కాలనీల్లో ఇంటి పట్టా ఆడమనిషి పేరున ఉంటుంది. తాగొచ్చిన మొగుడు బయటికి పో అంటే, ఇల్లు నాది అనగలదు. ఇంటి గోడలు ప్రేమతో వచ్చాయనుకోండి, పట్టా మీద పేరు న్యాయం వల్ల వచ్చింది.

మన ఓర్వకల్లు పొదుపు సంఘాలు కూడా నాకు ఇలాగే కనపడతాయి. 1931లో పీయుస్ XI పోపుగారు చెప్పిన సూత్రం ఒకటుంది, చిన్న సంఘం తాను చేసుకోగలిగిన పనిని పై సంఘం లాక్కోకూడదు, తోడు మాత్రం నిలవాలి. ఓర్వకల్లు అక్కలకు ఆ లేఖ సంగతి తెలియక్కర్లేదు, వాళ్లు చేసి చూపించారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఫాదర్‌గారు ఏమీ అనుకోరని నాకు తెలుసు, ముందే చెప్పి ఒప్పించాను.

1971లో రోములో మేత్రాణుల సినడు, అంటే బిషప్పుల సభ, "లోకంలో న్యాయం" అని ఒక పత్రం ఇచ్చింది. అందులో, న్యాయం గురించి మాట్లాడబోయేవాళ్లు ముందు జనం కళ్లకు న్యాయంగా కనపడాలి అన్నారు. శ్రీసభలో పనిచేసేవాళ్లకు బతకడానికి సరిపడా ఇవ్వాలి అని కూడా రాశారు. మా నాయన ఉపదేశి. ఏ విచారణో చెప్పను. సైకిల్ మీద పదకొండు ఊళ్లు తిరిగి జపాలు నేర్పించేవాడు, చావు బతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన కూర్చునేవాడు. జీతం ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. పండక్కి ఒక బస్తా జొన్నలు పంపేవాళ్లు, మా అమ్మ ఆ బస్తా విప్పుతూ "జీతం అడుగు" అనేది. "దేవుని సేవకు జీతం అడుగుతారా" అని నాయన ఊరుకునేవాడు. అమ్మ కూలికి పోయి మమ్మల్ని చదివించింది. ఆ జొన్నలు పంపినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ప్రేమతోనే పంపారు. మా నాయన పోయి ఇరవై ఏళ్లయినా, అమ్మ ఆ బస్తా మూతి కుట్టు విప్పే చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. మన బడుల్లో ఆయాలకు, వంట చేసే అక్కలకు, గంట కొట్టే తాతకు ఎంత ఇస్తున్నాం, ఏ తారీఖున ఇస్తున్నాం, పీఎఫ్ కడుతున్నామా అని మన విచారణ సలహా సంఘం ఒక్కసారి కూర్చుని చూడాలని నా కోరిక.

కులం సంగతి కూడా ఇందులోదే. గడివేముల మండలం చిందుకూరులో పుట్టిన పూల అంతోనిగారు ఇదే కర్నూలుకు 2008 నుంచి 2020 దాకా మేత్రాణులుగా ఉన్నారు, తర్వాత హైదరాబాదు అగ్రమేత్రాణులుగా పోయారు, 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, అంటే పోపుగారిని ఎన్నుకునే పెద్దల్లో ఒకరయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. ఆ రోజు మనం టపాకాయలు కాల్చాం. అదే మనం, కొన్ని ఊళ్లలో గుడి ఒకటే అయినా సమాధుల తోటలు రెండు ఉంటే చూస్తూ ఊరుకుంటున్నాం. 2016లో భారత మేత్రాణుల సమాఖ్య దళితుల సాధికారత కోసం విధాన పత్రం విడుదల చేసింది, అలాంటి వివక్ష శ్రీసభలో ఉందని ఒప్పుకుని మరీ. దాన్ని తెలుగులో ప్రతి విచారణలోనూ చదవాలి. చదివితే సరిపోదు, సమాధుల తోట గోడ పగలగొట్టాలి.

నా మాటలు అయిపోయాయి, ఇప్పుడు మీరు అడగండి.

(ఒక పెద్దాయన: సార్, మేము మేస్త్రీకి మొత్తం ఇచ్చేస్తాం. వాడు కూలోళ్లకు ఇయ్యకపోతే అది మా తప్పెట్లా అయితాది?)

మంచి ప్రశ్న అన్నా. నేను కూడా ఇదే అనుకునేవాణ్ణి. రెండో జాన్ పాల్ పోపుగారు 1981లో పని గురించి రాసిన విశ్వలేఖలో, నేరుగా పని చేయించే యజమాని ఒకడైతే, వెనక ఉండి ఆ పని షరతులను నిర్ణయించేవాళ్లను పరోక్ష యజమాని అన్నారు. ఆయన ఆ మాట ముఖ్యంగా ప్రభుత్వాలను, పెద్ద పెద్ద వ్యవస్థలను దృష్టిలో పెట్టుకుని అన్నారు, అయినా మన ఇంటి పనికీ వర్తిస్తుందని నా అభిప్రాయం. రేటు చదరపు అడుగుకు ఇంతే అని మేస్త్రీని పిండింది మనం. ఆ రేటులో అతను ఎక్కడ మిగుల్చుకుంటాడు? తట్ట మోసే మనిషి దగ్గర. కాబట్టి శనివారం సాయంత్రం పది నిమిషాలు అక్కడ నిలబడండి. ఎవరికెంత ఇచ్చాడో చూడండి. వాళ్లకు భవన కార్మికుల కార్డు ఉందా అడగండి, 1996లో చట్టం వచ్చింది, సంక్షేమ బోర్డు ఉంది, కార్డు లేకపోతే కింద పడి కాలు విరిగినా బోర్డు నుంచి ఏమీ రాదు. లేబర్ ఆఫీసుకు మీరే బండి మీద తీసుకుపోండి, అరపూట పని.

(ఒక కుర్రాడు: నేను డెలివరీ చేస్తాను సార్. నాకు మేస్త్రీ లేడు, ఓనరు లేడు, ఫోనే ఉంది. ఎవరిని అడగాల?)

తమ్ముడూ, 2025 మేలో కొత్త పోపుగారు ఎన్నికై లియో XIV అని పేరు పెట్టుకున్నారు. ఎందుకని కార్డినల్స్‌కు ఆయనే చెప్పారు, ఫ్యాక్టరీల కాలంలో లియో XIII కూలివాళ్ల గురించి రాశారు, ఇప్పుడు కృత్రిమ మేధ కాలంలో మళ్లీ అదే ప్రశ్న ముందుకొచ్చింది అని. అంటే నీ ప్రశ్న రోము దాకా చేరింది. జవాబు మాత్రం నా దగ్గర పూర్తిగా లేదు. ఒకటి చెప్పగలను, 1891 ఉత్తరంలో పనివాళ్లు ఒక్కొక్కరుగా బేరమాడలేరు, సంఘంగా కలవాలి అని ఉంది. నీలాంటివాళ్లు ఈ హాలులో ఎంతమంది? చేతులెత్తండి. ఏడుగురు, ఎనిమిదిమంది. అయిపోయాక వెళ్లిపోకండి, కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం, ఫాదర్‌గారు టీ పెట్టిస్తామన్నారు.

(ఒక అమ్మాయి: సార్, ఆ కోసిగి ఆమెకు ఐదు దినాల కూలి ఇచ్చినారు కదా. మగోళ్లకు ఇచ్చినంత ఇచ్చినారా?)

లేదమ్మా.

ఆడకూలి వేరు, మగకూలి వేరు, అప్పుడు అందరూ అలాగే ఇచ్చేవాళ్లు, నేనూ ఇచ్చాను. ఆ పనిలో కింద ఇసుక జల్లెడ పట్టే మగమనిషి ఒకతను ఉన్నాడు, నీడలో నిలబడి చేసే పని. ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని రోజుకు వందసార్లు మెట్లెక్కింది. అతనికి ఎక్కువ, ఆమెకు తక్కువ. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది, నేను సాంఘిక శాస్త్రం మాస్టారికి సెలవైతే ఆ పాఠం కూడా చెప్పినవాణ్ణి. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆమె పని చేసింది మొత్తం నలభై ఒక్క రోజులు, నా డైరీలో ఉంది. రోజుకు తేడా ఎంతో అదీ ఉంది. లెక్కవేసి ఒక కవర్లో పెట్టాను, వడ్డీ కూడా కలిపాను.

ఆ సంక్రాంతి తర్వాత ఆమె సుగ్గికి పోయింది, మళ్లీ మా పనికి రాలేదు. మేస్త్రీ పోయిన ఏడాది చనిపోయాడు. నేను కోసిగికి రెండుసార్లు పోయి అడిగాను, ఆ పేరుతో ఇద్దరు ముగ్గురున్నారు గానీ ఈమె కాదు. ఆ పిల్లోడికి ఇప్పుడు పదహారు పదిహేడేళ్లు ఉండాలి, ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ ఉండేది. గోడకు పూత పూసేశాం, కింద వేరే వారం గీతలు ఇంకా ఉన్నాయేమో. మీలో ఆ వైపు చుట్టాలున్నవాళ్లు, సుగ్గికి మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే బయట నన్ను కలవండి, ఆమె పేరు చెప్తాను.